ఆ అడవి జైల్లో ప్రేమకీ ఒక రేటు

బొటనవేలంత అల్యూమినియం గొట్టం. రెండు ముక్కలుగా ఉంటుంది, పెన్ను మూత తిప్పినట్టు తిప్పితే బిగుసుకుంటుంది. లోపల చుట్టచుట్టిన కరెన్సీ నోట్లు. ఫ్రెంచి ఖైదీలు దాన్ని ‘ప్లాన్’ అనేవాళ్లు. దాచుకునేది జేబులో కాదు, దిండు కింద కాదు, ఒంటి లోపల. అవును, మీరు అనుకుంటున్న చోటే. బట్టలన్నీ విప్పి వెతికినా దొరకని బ్యాంక్ లాకర్ అది ఒక్కటే మరి.

‘పాపియోన్’ సినిమా చూసినవాళ్లకి ఈ గొట్టం గుర్తుండే ఉంటుంది. 1973లో స్టీవ్ మెక్‌క్వీన్, డస్టిన్ హాఫ్‌మన్ చేశారు. 2017లో రామి మాలెక్‌తో మళ్లీ తీశారు. దీనికి మూలం ఆన్రీ షారియేర్ 1969లో రాసిన పుస్తకం. తెలుగులో ఎం.వి. రమణారెడ్డి ‘రెక్కలు చాచిన పంజరం’ పేరుతో అనువదించారు. షారియేర్ తనకి జరిగినట్టు రాసుకున్న వాటిలో చాలా సంగతులు వేరే ఖైదీల జీవితాల్లోవని తర్వాత తేలింది. ఎవడి కథ అయితే ఏం, కథలు జరిగిన చోటు మాత్రం నిజం.

నాకు ఈ జైలు పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, సినిమాలో ఒక విషయం సరిగా చెప్పలేదనిపించింది. ఇద్దరు మగవాళ్లు ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చేంత దగ్గరవుతారు. దాన్ని స్నేహం అని కెమెరా పక్కకి జరిగిపోతుంది. అక్కడ ఉండి వచ్చినవాళ్ల రాతలు చదివితే అంత సులువుగా పక్కకి జరగలేం. ఆ క్యాంపుల్లో కోరిక కూడా పొగాకులాగా, కాఫీలాగా, రొట్టెలాగా ఒక సరుకు. దాని మీద వ్యాపారం, లంచం, హత్య అన్నీ నడిచాయి. మధ్యలో కొంచెం ప్రేమ కూడా.

దక్షిణ అమెరికా ఖండంలో ఉత్తరం వైపు, బ్రెజిల్ పైన ఫ్రెంచి గయానా అని ఒక ముక్క ఉంది. ఇప్పటికీ అది ఫ్రాన్స్‌లో భాగమే, అక్కడ నడిచేది యూరోలే. 1850ల మొదట్లో ఫ్రాన్స్ తన నేరస్థుల్ని అక్కడికి పంపడం మొదలుపెట్టింది. 1854 మే 30న చట్టం కూడా చేసింది. 1885లో ఇంకో చట్టం తెచ్చి, చిల్లర దొంగతనాలు మళ్లీ మళ్లీ చేసేవాళ్లని కూడా ఓడ ఎక్కించింది. మొత్తం మీద సుమారు 70 వేల మంది వెళ్లారు. బ్రిటిష్‌వాళ్లకి అండమాన్ ఎలాగో ఫ్రెంచివాళ్లకి ఇది అలా. కాకపోతే అండమాన్ అంటే మనకి రాజకీయ ఖైదీలు గుర్తొస్తారు. ఇక్కడ ఎక్కువమంది మామూలు దొంగలు, హంతకులు, కడుపు నిండక తప్పు చేసినవాళ్లు.

దూరం నుంచి చూస్తే ‘డెవిల్స్ ఐలాండ్’ ఒక్కటే ఫేమస్. 1895 నుంచి 1899 దాకా డ్రేఫస్ అనే సైనికాధికారిని చేయని తప్పుకి అక్కడ పెట్టారు కాబట్టి. నిజానికి ఆ దీవిలో ఉన్నది కొద్దిమందే. సముద్రపు గాలి తగులుతుంది కాబట్టి దీవులే నయం అనేవాళ్లట ఖైదీలు. అసలు నరకం తీరం మీద ఉండేది. మరోనీ నది ఒడ్డున సెయింట్ లారెంట్ అనే ఊరు, దాని చుట్టూ అడవిలో, చిత్తడిలో క్యాంపులు. చార్వేన్, గోడ్‌బేర్ అని పేర్లు వినడానికి బాగానే ఉంటాయి. చార్వేన్‌కి ఖైదీలు పెట్టుకున్న పేరు మాత్రం మృత్యు శిబిరం.

అక్కడ పని చెట్లు నరకడం. ఒక్కొక్కడూ రోజుకి ఒక ఘనపు మీటరు కట్టె కొట్టి, పేర్చి, లెక్క అప్పజెప్పాలి. మోకాలి లోతు బురద, దోమలు, చీమలు, తడి ఆరని బట్టలు. కాళ్లకి చెప్పులుండవు కాబట్టి కొంకి పురుగులు అరికాళ్ల నుంచే ఒంట్లోకి వెళ్తాయి. మలేరియా, విరేచనాలు సరేసరి. పారిస్‌లో తాళాలు పగలగొట్టి బతికినవాడికి గొడ్డలి పట్టడం ఏం తెలుసు? లెక్క తగ్గితే ఆ పూట ఒట్టి రొట్టె. ఒట్టి రొట్టె తిన్నవాడు మర్నాడు ఇంకా తక్కువ కొడతాడు. లెక్క ఇంకా తగ్గుతుంది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో ఇలాంటి లూప్ పడితే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. ఇక్కడ మనిషి పోయేవాడు.

చార్వేన్‌లో మొండి ఖైదీల చేత బట్టలు లేకుండా పని చేయించేవాళ్లు. పారిపోకుండా అట. ఆ దోమల్లో, ఆ ముళ్ల అడవిలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా.

1867 నుంచి ఒక 20 ఏళ్లపాటు యూరప్ ఖైదీల్ని అక్కడికి పంపడం ఫ్రాన్సే ఆపేసింది. చావులు మరీ ఎక్కువైపోయాయని వాళ్లని పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియాకి మళ్లించింది. ఆ 20 ఏళ్లూ గయానాకి ఎవర్ని పంపారో తెలుసా? వలస దేశాల ఖైదీల్ని. అల్జీరియా వాళ్లు, మిగతా నల్ల, గోధుమ రంగు వాళ్లు. వాళ్లు చస్తే పర్లేదన్నమాట.

శిక్ష అయిపోతే ఇంటికి పోవచ్చు కదా అంటారా? ‘దుబ్లాజ్’ అనే నియమం ఉంది, అంటే రెట్టింపు. 8 ఏళ్లకి తక్కువ శిక్ష పడితే, అది ముగిశాక మళ్లీ అంతే కాలం గయానాలోనే బతకాలి. 8 ఏళ్లు, ఆపైన పడితే చచ్చేదాకా అక్కడే. విడుదలైన వీళ్లకి పని దొరకదు, ఎందుకంటే జైల్లో ఉన్నవాళ్లని దాదాపు ఊరికే పనిలోకి తీసుకోవచ్చు. జైల్లో అయితే కనీసం రొట్టె ఇస్తారు. బయట అదీ లేదు. 1923లో ఆల్బేర్ లోండ్ర్ అనే జర్నలిస్టు వెళ్లి చూసి, ‘పెతీ పారిజియెన్’ పత్రికకి వరుస కథనాలు రాసి ఫ్రాన్స్‌ని ఊపేశాడు. ఈ విడుదలైనవాళ్ల గురించే అతను ఎక్కువ కోపంగా రాశాడు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఖైదీల చేత వేయిస్తున్న ఒక రోడ్డు 24 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయి ఉందని కూడా అతనే లెక్క తేల్చాడు. ఎన్ని శవాలకి ఎన్ని కిలోమీటర్లో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. అసలు ఇంజిన్ అదే.

ఖైదీల దగ్గర డబ్బు ఉండకూడదు, అది నియమం. డబ్బు లేకుండా ఒక్క రోజు గడవదు, ఇది వాస్తవం. ఈ రెండింటి మధ్య సందులోనే అందరి జేబులూ నిండాయి. కావలివాళ్ల జీతాలు తక్కువ, వాతావరణం దరిద్రం, పై అధికారులు వేల మైళ్ల దూరంలో. ఖైదీల కోసం వచ్చిన మాంసం, నూనె, సబ్బు దారిలోనే కరిగిపోయేవి. తేలిక పని కావాలంటే చేయి తడపాలి. అడవికి వెళ్లకుండా ఆస్పత్రిలో వారం పడుకోవాలంటే తడపాలి. కట్టె లెక్క తగ్గినా సరిపోయినట్టు రాయాలంటే తడపాలి. ఖైదీలు పట్టిన నీలిరంగు సీతాకోకచిలుకలు, చెక్కిన కొబ్బరి చిప్పలు కూడా చేతులు మారి మారి బయటికి పోయేవి. ఎవడి వాటా వాడిది.

పారిపోవడానికీ డబ్బే. నదికి అవతల డచ్చివాళ్ల సురినామ్. పడవ కొనాలి, నోరు మూయించాలి, ఆ డబ్బంతా ప్లాన్ గొట్టంలో ఉండాలి. పారిపోతున్నవాడికి సాయం చేస్తానని తీసుకెళ్లి, అడవి మధ్యలో చంపి, ఆ గొట్టం కోసం పొట్ట చీల్చేవాళ్ల గురించి ఖైదీలు కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు.

రాత్రి అయ్యాక బారకాసుల్లో నడిచేది ఇంకో ప్రభుత్వం. పొడవాటి హాలు, రెండు పక్కలా అరుగులు, వాటి మీద వరసగా మనుషులు. తలుపు తాళం పడిందంటే తెల్లారేదాకా కావలివాడు లోపలికి తొంగిచూడడు, ప్రాణం మీద తీపి ఉంటుంది కదా. లోపల పేకాట, కాఫీ అమ్మకం, పొగాకు అప్పు. ఆ హాల్లోకి ఇరవైలు దాటిన ఒక కొత్త కుర్రాడు ఓడ దిగి వస్తాడు. సముద్రం మీద రెండు మూడు వారాలు ఇనుప బోనులో వచ్చినవాడు. భయం, ఆకలి, చేతిలో చిల్లిగవ్వ లేదు. పాత ఖైదీ ఒకడు వచ్చి కాఫీ ఇప్పిస్తాడు. పొగాకు ఇస్తాడు. నీ కట్టె లెక్క నేను చూసుకుంటాలే అంటాడు. నిన్నెవడూ ముట్టుకోకుండా చూస్తా అంటాడు. నాలుగు రోజులయ్యాక బిల్లు వస్తుంది.

అలాంటి కుర్రాణ్ణి ‘మోమ్’ అనేవాళ్లు. ఫ్రెంచిలో పిల్లాడు అని అర్థం. రెనే బెల్‌బెన్వా అనే ఖైదీ 1923లో గయానా చేరాడు, చాలాసార్లు పారిపోయి పట్టుబడి, చివరికి 1935లో బయటపడి అమెరికా చేరుకున్నాడు. 1938లో ఇంగ్లిషులో వచ్చిన అతని పుస్తకం పేరుకి అర్థం ‘రక్తం చిందని గిలటిన్’. అందులో ఈ మోమ్‌ల గురించి దాపరికం లేకుండా రాశాడు. బారకాసుల్లో కత్తిపోట్లకి ముఖ్య కారణాలు రెండు, ఒకటి జూదం, రెండోది ఈ కుర్రాళ్లు. ఒకడి మోమ్‌ని ఇంకొకడు చూశాడంటే రాత్రికి రాత్రి శవం లేచేది. పొద్దున ఎవరూ ఏమీ చూడలేదు.

1920ల మొదట్లో అక్కడ పనిచేసిన డాక్టర్ లూయీ రూసో కూడా 1930లో పుస్తకం రాశాడు. అతనికి సమాచారం అందించినవాళ్లలో ఒకడు అలెగ్జాండర్ జాకబ్, దాదాపు 20 ఏళ్లు అక్కడ శిక్ష అనుభవించిన అరాచకవాది, ధనవంతుల ఇళ్లే దోచిన దొంగ. నెట్‌ఫ్లిక్స్‌లో మనం చూసిన ‘లూపిన్’ ఉన్నాడే, ఆ మూల పాత్రకి ఇతనే ప్రేరణ అని చాలామంది అంటారు. డాక్టరూ దొంగా కలిసి జైలు గుట్టు విప్పడం నాకు భలే నచ్చింది.

ఈ రాతలన్నీ చదివాక నాకు తేలనిది ఒకటే. అది ప్రేమా, బలవంతమా, బేరమా? మూడూ ఉన్నాయి. ఆకలితో ఉన్నవాడి ‘సరే’ని సరే అనుకోవడం నా వల్ల కాదు. అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టలేను. ఏళ్ల తరబడి విడిపోకుండా, ఉన్న రొట్టె సగం చేసుకుని, జ్వరం వస్తే ఒకరికొకరు నీళ్లు పట్టి బతికిన జంటలు కూడా ఆ చీకట్లోనే ఉన్నాయి. వాళ్లలో కొందరు బయటి ప్రపంచంలో ఉన్నా ఒకర్నొకరు వెతుక్కునేవాళ్లే. కానీ బయట నుంచి చూసే కావలివాడికి వీళ్లకీ వాళ్లకీ తేడా లేదు. ఇద్దరూ దొరికిపోతే శిక్ష వేయగలిగినవాళ్లు, అంటే ఇద్దరి దగ్గరా డబ్బు గుంజొచ్చు.

విచిత్రం ఏంటంటే, ఫ్రాన్స్‌లో మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరాల జాబితాలోంచి 1791లోనే తీసేశారు. విప్లవం రోజుల్లోనే. చట్టం దృష్టిలో అది నేరమే కాదు. క్యాంపులో మాత్రం పట్టుబడితే శిక్షే. అధికారులకి అది జరుగుతోందని తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. నా అంచనా ఏంటంటే వాళ్లకి అది అవసరం కూడా. ఒక మనిషి మీద మనసు పడ్డవాడు పారిపోడు, అప్పులో ఉంటాడు, నోరు ఎత్తడు. నిషేధించి ఊరుకోవడం, చూసీ చూడనట్టు ఉండడం, కావలసినప్పుడు పట్టుకోవడం, ఈ మూడూ కలిస్తే ఎవడైనా గుప్పిట్లో ఉంటాడు.

మొదట్లో ఆడవాళ్లని తెచ్చి పెళ్లిళ్లు చేద్దామనీ చూశారు. ఫ్రాన్స్ జైళ్లలోంచి మహిళా ఖైదీల్ని తెచ్చి సెయింట్ లారెంట్‌లో నన్‌ల కాపలాలో పెట్టారు. మంచి నడవడిక ఉన్న మగ ఖైదీ వచ్చి, కాపలా మధ్యే కాసేపు మాట్లాడి, నచ్చితే పెళ్లి, కాస్త పొలం. మన పెళ్లిచూపుల్లాగే, జాతకాల బదులు నేరాల చిట్టా. వచ్చిన ఆడవాళ్లే తక్కువ, వాళ్లలోనూ జ్వరాలకి చాలామంది పోయారు, పుట్టిన పిల్లలు కూడా. 1907లో ఆడవాళ్లని పంపడం ఆపేశారు.

ఇదంతా ఎక్కడో గయానాలో, వందేళ్ల కింద, మనకెందుకు అనుకునేవాళ్లకి ఒక చిన్న సంగతి చెప్తా. వాడి అనుమతితోనే రాస్తున్నా, పేరు మాత్రం రాయను. ఇంజినీరింగ్‌లో నా ఫ్రెండ్ ఒకడు సెకండ్ ఇయర్‌లో హాస్టల్ టెర్రస్ మీద, వాటర్ ట్యాంకు పక్కన ఇంకో అబ్బాయితో ఉండగా వాచ్‌మన్ చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు, వార్డెన్‌కి చెప్పలేదు. “మీ నాన్నగారి నంబర్ రిజిస్టర్‌లో ఉంది కదా బాబూ” అన్నాడంతే. ఆ నెల 500. తర్వాత నెల 500, ఒక బిర్యానీ. మూడో నెలకి మెస్ సూపర్‌వైజర్‌కి కూడా తెలిసిపోయింది, 1000 అయింది. మూడు సెమిస్టర్లు కట్టాడు. రికార్డ్‌లు రాసి పెట్టి, అసైన్‌మెంట్లు చేసి పెట్టి, పక్క రూముల వాళ్ల దగ్గర చిల్లర సంపాదించేవాడు. మేమంతా వీడికేంటి ఇంత డబ్బు పిచ్చి అనుకునేవాళ్లం.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. ఇష్టపూర్వకంగా ఉండే పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదంది. ఆ వారమే వాడు ధైర్యం చేసి వాచ్‌మన్‌తో చెప్పాడట, “అన్నా, ఇప్పుడది తప్పు కాదు, కోర్టే చెప్పింది” అని. వాచ్‌మన్ బీడీ ఆర్పి, నెమ్మదిగా అడిగాడట. “కోర్టు సరే బాబూ. మీ నాన్నగారు ఒప్పుకున్నారా?”

ఆ నెల కూడా కట్టాడు వాడు. ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్నాడు. నవ్వుతూనే చెప్పాడు ఇదంతా, నాకే నవ్వు రాలేదు.

జైళ్ల విషయంలో మన దగ్గరా జరిగింది ఒకటుంది. 1994లో తిహార్ జైల్లో ఎయిడ్స్ రాకుండా ఖైదీలకి కండోమ్‌లు ఇద్దామని డాక్టర్ల నుంచి మాట వస్తే, జైలు పెద్దలు ఒప్పుకోలేదు. ఇస్తే లోపల అలాంటివి జరుగుతున్నాయని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ అప్పుడే 377ని సవాలు చేస్తూ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. అంటే ఆ సెక్షన్ మీద మన దేశంలో కోర్టు పోరాటం మొదలైందే ఒక జైలు గోడల దగ్గర.

గయానా క్యాంపుల విషయంలో లోండ్ర్ రాతల తర్వాత కొన్ని మార్పులొచ్చాయి, చీకటి కొట్లు తీసేశారు. 1920ల చివర్లో బ్లెయిర్ నైల్స్ అనే అమెరికన్ రచయిత్రి అక్కడికి వెళ్లింది. బెల్‌బెన్వా తన రాతప్రతులు ఆమెకే అమ్మాడు, పారిపోవడానికి డబ్బు కోసం. 1928లో ఆమె పుస్తకం వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆమె న్యూయార్క్ హార్లెమ్ నేపథ్యంలో, మగవాణ్ణి ప్రేమించే మగవాడి మీద సానుభూతితో ఒక నవల రాసింది, ఆ రోజుల్లో! మరోనీ ఒడ్డున విన్నవి ఆమెని వదల్లేదేమో అని నా ఊహ. ఇంకో పక్క జాన్ జెనే అనే దొంగ-రచయిత, తనని గయానా పంపకముందే క్యాంపులు మూసేశారని ఏకంగా బాధపడ్డాడు. ఆ మగాళ్ల లోకాన్ని స్వర్గంలా ఊహించుకున్నాడు. వెళ్లనివాడు కాబట్టి ఊహించుకోగలిగాడు.

గయానా నుంచి పార్లమెంటుకి ఎన్నికైన గాస్తోన్ మొనెర్‌విల్ లాంటివాళ్ల పోరు ఫలితంగా 1938 జూన్‌లో కొత్తవాళ్లని పంపడం ఆపేశారు. ఉన్నవాళ్లు మాత్రం ఉండిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో తిండి ఓడలు రాక గుంపులు గుంపులుగా చచ్చిపోయారు. ఆఖరివాళ్లు ఫ్రాన్స్ చేరేసరికి 1953.

అదే తీరం మీద కురూ అనే ఊళ్లో కూడా ఖైదీల క్యాంపు ఉండేది. ఇప్పుడక్కడ రాకెట్ కేంద్రం. మన తొలి సమాచార ఉపగ్రహం ఆపిల్ 1981లో అక్కడి నుంచే వెళ్లింది. 2022 జూన్‌లో వెళ్లిన జీశాట్-24 కూడా. దాని కెపాసిటీ మొత్తం టాటా ప్లేకే ఇచ్చారు కాబట్టి మీ ఇంట్లో ఆ డిష్ ఉంటే, అమ్మ చూసే సీరియల్‌కి కురూతో చుట్టరికం ఉన్నట్టే. డెవిల్స్ ఐలాండ్, దాని పక్క రెండు దీవులు ఇప్పుడు ఫ్రెంచి అంతరిక్ష సంస్థవి. ఖైదీల గదుల్లో గోడలు చీల్చుకుని చెట్లు లేచాయి. టూరిస్టులు పడవల్లో వెళ్లి సెల్ఫీలు తీసుకుంటారు. రాకెట్ వాళ్ల తల మీదుగా పోతుంది కాబట్టి, ప్రయోగం ఉన్న రోజు మాత్రం దీవుల్ని ఖాళీ చేయిస్తారు.